పెదవి మూత

అమ్మ లోపలికి వెళ్ళి తలుపు లాక్కుంది. ఈ తలుపు మూస్తే చప్పుడు కాదు, ఉన్న చప్పుడు ఆగిపోతుంది, చెవుల్లో ఎవరో దూది కూరినట్టు. పనిలో చేరిన మొదటిరోజు నుంచీ నాకు ఈ తలుపంటే భయం. ఎవరికీ చెప్పలేదు. చదువుకున్న పిల్ల తలుపుకి భయపడుతుందంటే ఏం బాగుంటుంది. అద్దానికి ఇవతల నేనూ మామయ్యా. అవతల చీకట్లో అమ్మ, ఎత్తు స్టూలు, మైకు, నీళ్ళసీసా, నేను రాసిన మాటల కాగితం, దాని మీద అరచేయంత వెలుగు పడే చిన్న దీపం. మామయ్య సొంత మామయ్య కాడు. ఈ డబ్బింగ్ థియేటరు ఆయనది, సౌండు ఇంజనీరూ ఆయనే, తుడిచే మనిషి రాకపోతే తుడిచేదీ ఆయనే, అమ్మని అక్కా అంటాడు కాబట్టి నాకు మామయ్య. ఒక చెవికి హెడ్‌ఫోను, ఇంకో చెవి లోకానికి. "ఏసీ ఎక్కువైందా అమ్మాయ్, వణుకుతున్నావు" అన్నాడు. అవునన్నాను. ఏసీ కాదు. ఇంకో గంటలో అమ్మ ఒక తల్లి గొంతై, చనిపోయిన కొడుకుని ముద్దుపేరు పెట్టి పిలవాలి. సినిమాలో. సినిమాలోనే కదా అని పొద్దుటి నుంచీ నాకు నేను చెప్పుకుంటున్నాను, మందు మింగించేటప్పుడు చిన్నపిల్లకి చెప్పినట్టు, చేదు కాదు, చేదు కాదు. పిల్లకి తెలుసు చేదని.

సినిమా వేరే భాషది. ఒక తండ్రి, ఒక తల్లి, ఒక కూతురు, ఒక ఖాళీ గది, కథంతా అంతే. కొడుకు మొదటి సీనుకి ముందే పోయి ఉంటాడు, సినిమా పొడుగునా ఉండేది వాడు లేకపోవడమే. ఎవరూ గుండెలు బాదుకోరు, చివర్లో ఒకరినొకరు కావలించుకోవడం కూడా ఉండదు. "ఏడుపు సినిమానే, కానీ ఏడవనివ్వదు, ఎవడు చూస్తాడు దీన్ని" అన్నాడు మామయ్య మొదటిరోజు, ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడని వాళ్ళావిడ తర్వాత నాతో చెప్పింది. దీన్ని మన భాషలోకి తేవడంలో నా వంతు మాటలు రాయడం. అర్థం ఒక్కటే కుదిరితే చాలదు, నోరు కుదరాలి. తెర మీద మనిషి పెదవులు కలిసినచోట మన మాటలోనూ కలవాలి, ప గానీ బ గానీ మ గానీ పడాలి, లేకపోతే మాట ఒక దారి, నోరు ఒక దారి. మేం దాన్ని పెదవి మూత అంటాం. కాలేజీలో ఓష్ఠ్యాలు అని రెండు మార్కులకి చదువుకున్న సంగతి ఇప్పుడు నాకు కూడు పెడుతోంది. మా ఇంట్లో కాలేజీ దాకా చదివింది నేనే, నా వెనకా ముందూ ఎవరూ లేరు, అందుకని ఏ కాగితం వచ్చినా నా చేతికే, కరెంటు బిల్లు, నాన్న కళ్ళజోడు చీటీ, ఆసుపత్రిలో ఆ రోజు పెట్టిన సంతకం. ఆ సంగతి వద్దు. ఇప్పుడు వద్దు. నోరు గురించి ఆలోచించాలి. మాట రాసేముందు గొంతు ఆపేసి బొమ్మ ఒక్కటే చూడాలి, అమ్మే నేర్పింది, "చెవి అబద్ధం చెప్తుందే, నోరు చెప్పదు" అని. అలాగే చూశాను, ఇంట్లో, మధ్యాహ్నం పూట, ఎండ టేబులు మీదకి వచ్చినప్పుడు. సినిమాలో ఆ తల్లి, పోయిన కొడుకు గదిలోకి వస్తుంది. తెల్లవారింది. కర్టెను లాగుతుంది. ఒక్క క్షణం మర్చిపోతుంది. అలవాటుగా మంచం వైపు తిరిగి పిలుస్తుంది. తెరంతా ఆవిడ మొహమే. పెదవులు ముందు మూసుకునే ఉంటాయి, గొంతు మాత్రం కదులుతుంది. కొంచెమే విడతాయి. మళ్ళీ మూసుకుంటాయి, ఈసారి గట్టిగా, కాసేపు. చివర్న సున్నా చుట్టినట్టు ముందుకొస్తాయి. నేను చదవాలని చదవలేదు. కళ్ళు చదివేశాయి. ఏ దేశంలోనో ఎవరో ఆవిడ, మా ఇంటి టేబులు మీద నుంచి, మా తమ్ముణ్ణి పిలిచింది. మబ్బూ.

టక్కున లాప్‌టాప్ మూత మూసేశాను. అంతకుముందు దాకా వంటింట్లో అమ్మ గిన్నెలు కడుగుతూనే ఉంది. బొమ్మకి గొంతు లేదు, ఏమీ వినిపించే వీల్లేదు, అయినా గిన్నెల చప్పుడు అప్పటికే ఆగి ఉంది. ఆగిందా, నాకు ఆగినట్టనిపించిందా, ఇప్పటికీ తెలియదు. చాలాసేపు అలాగే కూర్చున్నాను, మూతపెట్టిన లాప్‌టాప్ మీద రెండు చేతులూ పెట్టి, లోపల ఏదో కదిలితే తెలియాలన్నట్టు.

బడిలో రాయించిన పేరు వేరు. ఇంట్లో వాడు మబ్బు. నిద్రమబ్బులో మబ్బు. అమ్మే పెట్టింది, చంటప్పుడు పాలు తాగుతూ తాగుతూ మధ్యలోనే నిద్రపోయేవాడట, ఏం మబ్బురా నీకు, ఏం మబ్బురా అంటూ అంటూ పేరే అయిపోయింది. మెట్ల మీద నిద్రపోయేవాడు, బస్సులో నిద్రపోయేవాడు, బడిలో ప్రార్థన వరసలో నిలబడి నిద్రపోయి ముందువాడి మీద పడితే వరసంతా పేకముక్కల్లా పడింది. అక్క చదువుతుంది, తమ్ముడు పడుకుంటాడు, ఇద్దర్నీ కలిపి కుడితే ఒక పూర్తి మనిషి అవుతారు అని నాన్న నవ్వేవాడు. ఇళ్ళకి రంగులు వేసే నాన్న, గోరు సందుల్లో ఎప్పుడూ ఎవరి గోడో ఒకటి ఉండేది. పొద్దున్నే వాణ్ణి లేపడం అమ్మ పని, ఇంకెవరివల్లా అయ్యేది కాదు. అరిచేది కాదు. తలుపు దగ్గర నిలబడి మామూలుగా, కూర ఉప్పు చూడమన్నంత మామూలుగా, మబ్బూ, అనేది. కాసేపాగి, లే. లోపల నుంచి దుప్పటి మాట్లాడేది, ఇంకొంచెంసేపమ్మా. ఇల్లు అలా మొదలయ్యేది రోజూ. నిద్ర కోసం పుట్టినవాడికి చివరికి దొరికింది రాత్రి ఉద్యోగం, శీతల గిడ్డంగిలో పెట్టెలు ఎత్తడం. "పగలు పడుకోవచ్చు, ఎవరూ లేపరు, నాకోసమే పెట్టారే అక్కా ఈ కంపెనీ" అన్నాడు. ఒక తెల్లవారుజామున బండి మీద ఇంటికి వస్తూ, దారి పక్కన ఆగి ఉన్న లారీకి. బ్రేకు వేసిన గుర్తు కూడా రోడ్డు మీద లేదు. పోలీసాయన మంచివాడే, అమ్మకి కుర్చీ వేయించి, గొంతు తగ్గించి అన్నాడు, "నిద్రమబ్బులో ఉండి ఉంటాడమ్మా." ఆయనకేం తెలుసు. అమ్మ ఆయన నోటి వైపు చూసింది. చెవి కాదు, నోరు. ఆ పెదవులు మూసుకుని, విడి, మళ్ళీ మూసుకోవడం చూసింది. తను పెట్టిన పేరే, కొడుకు ఎలా పోయాడో చెప్పే మాటై, వేరేవాళ్ళ నోట్లోంచి వచ్చింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఆ మాట లేదు. వద్దని ఎవరూ అనలేదు, అందరం కూర్చుని అనుకున్నదీ కాదు. పేరే కాదు, మాటే పోయింది. ఆకాశం నల్లబడితే అమ్మ "బట్టలు తియ్యండి" అంటుంది, ఎందుకో చెప్పదు. నాన్న "పైన బాగోలేదు" అంటాడు, పైన ఎవరికో జబ్బు చేసినట్టు. నేను రాసే మాటల్లోంచి కూడా తెలియకుండానే జారిపోయింది. పోయిన నెల ఒక బొమ్మల సినిమాలో కుందేలు చేత "ఆకాశం మేఘావృతమైంది" అనిపిస్తే మామయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు, "కుందేలు వార్తలు చదువుతోందేంటే, నోరారా మబ్బు పట్టిందనొచ్చుగా" అని. నేనూ నవ్వాను. ఆయనకి తెలియదు. మా తమ్ముడు ఆయనకి బడి పేరుతోనే తెలుసు, ఎప్పుడైనా అమ్మని దింపడానికి వచ్చి బండి మీదే కునుకు తీసే కుర్రాడు. ముద్దుపేరు గడప దాటేది కాదు. ఈ సినిమాలోనూ అంతే, అందరూ కొడుకుని అసలు పేరుతోనే తలుచుకుంటారు, తల్లి మాత్రం ఆ ఒక్కచోట ముద్దుపేరుతో పిలుస్తుంది. నేను అక్కడ "బాబూ" అని రాశాను. రెండు మూతలున్నాయి, చివర సున్నా ఉంది, చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది. సరిపోదని నాకు తెలుసు. తెలిసే రాశాను, సరిపోకూడదనే.

"మొదలెడదామా అక్కా" అన్నాడు మామయ్య బటను నొక్కి. అమ్మ తల ఊపింది. ఎర్ర దీపం వెలిగింది. చిన్న చిన్న మాటలు ముందు, తలుపు వేసుకో, ఫోను మోగుతోంది చూడు, నాకు ఆకలి లేదు. అమ్మ గొంతు నున్నగా వెళ్ళి ఆవిడ నోట్లో కూర్చుంటోంది, చెప్పులో కాలు దూర్చినట్టు. ఆవిడ వయసు అమ్మకన్నా తక్కువ, చెంప కింద చిన్న గుంట, ఎక్కడి మనిషో, ఇప్పుడు మా అమ్మలా మాట్లాడుతోంది. కొడుకు పోయాక అమ్మ ఇలాంటి పనేదీ ఒప్పుకోలేదు. గుంపులో గొంతు కలపడం, సంతలో అరుపులు, ముసలమ్మ నవ్వులు, అంతే. ఈ సినిమాకి నేను రాస్తున్నానని తెలిసి తనే అడిగింది, "ఆ తల్లికి ఎవర్ని అనుకున్నారు?" ఇంకా లేదన్నాను. "నేను చెప్తా" అంది. ఎందుకమ్మా అనలేకపోయాను. ఎందుకో అడిగితే చెప్తుందేమోనని.

అమ్మ ఏడవడంలో పెద్ద పేరు. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఏడుపక్కా అంటారు, మొహం మీదే అంటారు, అమ్మకి కోపం రాదు. ఏడుపులకి పేర్లున్నాయి అమ్మ దగ్గర. మింగుడు ఏడుపు, గడప ఏడుపు, ఫోను ఏడుపు, ఒకటి నవ్వుతో మొదలై మధ్యలో విరిగేది, దాన్ని పెళుసు అంటుంది. స్నానాలగదిలో సాధన చేసేది, అక్కడ గొంతు బాగా పలుకుతుందని. చిన్నప్పుడు నేనూ వాడూ ఆ తలుపు ముందు నిలబడి బిక్కచచ్చిపోయేవాళ్ళం. లోపల అమ్మ ఏడుస్తోంది, ఎవరో చచ్చిపోయినట్టు ఏడుస్తోంది. వాడు తలుపు తట్టి అడిగేవాడు, "నిజమా, పనా?" ఏడుపు ఠక్కున ఆగి, మామూలు గొంతు వచ్చేది, "పనే, పోయి ఆడుకోండి." అదొక ఆటైపోయింది మాకు. అమ్మ కళ్ళు ఎర్రగా ఉంటే చాలు, నిజమా పనా. ఉల్లిపాయలు తరుగుతుంటే, నిజమా పనా. నాన్న ఒకసారి రంగుల నిచ్చెన మీద నుంచి పడి కాలికి కట్టుతో వచ్చిన రోజు, వంటింట్లో అటు తిరిగి నిలబడ్డ అమ్మని అడిగాం, నిజమా పనా, ఆ రోజు కూడా పనే అంది. ఆ రోజు సినిమా ఏదీ లేదు. నాకు పెద్దయ్యాక తట్టింది. అప్పటి నుంచీ లోపల ఒక భయం కూర్చుని ఉంది, అమ్మ ఎప్పుడు నిజంగా ఏడ్చిందో నాకు ఎప్పటికీ తెలియదు, నేను గుర్తుపట్టలేను, కన్నతల్లి ఏడుపు నాకు ఆనవాలు లేదు.

వాడు పోయిన రోజు ఇంటినిండా జనం అమ్మ వైపే చూశారు. చూస్తారుగా మరి, అన్నేళ్ళు ఊరందరి ఏడుపూ ఏడ్చిన మనిషి. అమ్మ కళ్ళు పొడిగా ఉన్నాయి. వచ్చినవాళ్ళకి కుర్చీలు సర్దింది. "అందరికీ పంచిపెట్టింది, కన్నకొడుక్కి వచ్చేసరికి కరువొచ్చింది" అని మెట్ల దగ్గర ఎవరో అన్నారు, నాకు వినిపించాలనే అన్నారు. అత్తయ్య, నాన్న అక్క, కోపంలోనూ ప్రేమ ఉన్న మనిషి, అమ్మ భుజాలు పట్టి ఊపింది. "ఏడవ్వే తల్లీ, ఒక్కసారి ఏడువు, లోపల పెట్టుకుంటే పోతావే." అమ్మ ఆవిడ వైపు నిజంగా తెలియక అడిగినట్టు చూసింది. "ఏ ఏడుపు ఏడవాలి వదినా? అన్నీ వాడేశాను" అంది.

"అక్కా, దీని తర్వాతదే" అన్నాడు మామయ్య. తర్వాతదంటే ఆ గది. నేను భయపడేది ఏమిటో సరిగ్గా చెప్పుకోవాలి, చదువుకున్నదాన్ని, భయానికి కూడా ఒక వరస ఉండాలి. ఏడుస్తుందనా? ఏడిస్తే, అది నాకు తెలిసిన ఏడుపుల్లో ఒకటైతే, మింగుడో పెళుసో అయితే, వాడికి కూడా అదే ఇచ్చిందనుకుని నేను బతకగలనా. పోనీ తెలియనిది ఏదైనా వస్తే, ఏ సినిమాలోనూ లేనిది, అది ఎక్కడ ఆగుతుంది, ఈ దూది గదిలో, తలుపు మూసేసి, అద్దం అవతల. ఆ రెండిట్లో ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోతున్నాను. తలుపు. మళ్ళీ తలుపు. నాకు తలుపంటే భయం ఈ థియేటరులో మొదలవలేదు, ఊరికే అలా అనుకుంటున్నాను. ఆ పొద్దున ఫోను వచ్చినప్పుడు నేను స్నానాలగది తలుపు దగ్గరకే పరిగెత్తాను. లోపల అమ్మ ఏడుస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం ఒక సినిమాకి పెద్ద సీను ఉంది, సాధన చేస్తోంది, ఎప్పుడూ లేనంత బాగా ఏడుస్తోంది. చేతిలో ఫోను, ఫోనులో ఎవరో ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు, తలుపు అవతల అమ్మ కొడుకు పోయినట్టు ఏడుస్తోంది, కొడుకు పోయిన సంగతి తనకి ఇంకా తెలియదు, నాకు ఒక్కదానికే తెలుసు. తట్టాలి. తడితే ఆ ఏడుపు ఆగుతుంది. ఆగితే నేను చెప్పాలి. అమ్మ ఏడుస్తున్నంతసేపూ వాడు ఇంకా దారిలోనే ఉన్నాడు, నిద్రకళ్ళతో వస్తూనే ఉన్నాడు. తట్టాను. "పనేలే, వస్తున్నా" అంది అమ్మ. కొంగుతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చింది, రెప్పల మీద తడి అలాగే ఉంది, ముక్కు ఎర్రగా ఉంది. చెప్పాను. ఆ తడి నా కళ్ళముందే ఆరిపోయింది. మళ్ళీ ఇప్పటిదాకా లేదు.

ఆసుపత్రిలో పేరు అడిగితే నేను బడి పేరు చెప్పాను. కాగితం మీద ఆ పేరే ఎక్కింది. దాన్ని చూస్తుంటే విచిత్రంగా ధైర్యం వచ్చింది, ఈ పేరుగలవాడెవరో పోయాడు, పాపం, మనవాడు కాదు. మబ్బు చచ్చిపోయాడని ఇంతవరకూ ఎవరూ ఎక్కడా రాయలేదు, ఎవరూ అనలేదు. అనకపోతే ఏమవుతుంది. అనకపోతే గదిలో పడుకుని ఉన్నట్టే. అనేస్తే. అందుకే. అందుకే బాబూ అని రాశాను.

తెర మీద తెల్లవారింది. ఆవిడ కర్టెను లాగింది. మంచం వైపు తిరిగింది. "బాబూ, తెల్లారింది" అంది అమ్మ గొంతు, మంచి గొంతు, పని తెలిసిన గొంతు. నేను ఊపిరి వదిలాను. అయిపోయింది, ఏమీ కాలేదు. మామయ్య పెదవి విరిచాడు. "గొంతు బంగారం అక్కా. నోరే కుదరట్లేదు. నువ్వు బా అని నోరు తెరిచేసరికి ఆవిడింకా మూసుకునే ఉంది, నువ్వు అయిపోయాక ఆవిడ మూస్తోంది. మొహమంతా తెర నిండా ఉంది, దొరికిపోతాం." ఆ ముక్కనొక్కదాన్నే తిప్పి తిప్పి వేయడం మొదలుపెట్టాడు. ఆవిడ తిరుగుతుంది, పిలుస్తుంది. తిరుగుతుంది, పిలుస్తుంది. గొంతు లేదు. ప్రతిసారీ అదే మాట, నాకు ఒక్కదానికే వినిపించే మాట, ఆపమని చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. "రాసినావిడ పక్కనే ఉందిగా, చెప్పమ్మాయ్, ఇంకేం పడుతుంది?" "చిన్నీ" అన్నాను. మామయ్య హెడ్‌ఫోను తీసి నా వైపు చూశాడు. "చిన్నీలో పెదవి ఎక్కడ కలిసిందే? ఎమ్మే మీద ఎమ్మే చదివి ఇదా చెప్పేది? జ్వరమేమైనా వచ్చిందా?" తల అడ్డంగా ఊపాను. ఆయనకి ఉత్సాహం వచ్చింది, ఇలాంటి ముడులంటే ఆయనకి ఇష్టం. "పప్పూ అంటే?"

"చచ్చిపోయిన కొడుకుని పప్పూ అంటే హాల్లో నవ్వుతార్రా" అంది అమ్మ లోపల నుంచి.

"అదీ నిజమే. పైగా ప అయితే గొంతు ముందే కదలదు. చూడు, పెదవులు మూసుకునే ఉన్నాయి, గొంతు ఆడుతోంది. అంటే మ. మ ఒక్కటే నోరు మూసుకుని పలికేది." వేళ్ళు మడుస్తున్నాడు. "మ తో మొదలు. చిన్న అక్షరమే, సాగదు. తర్వాత గట్టి మూత, ఒత్తు ఉండాలి, మ్మ గానీ బ్బ గానీ. చివర ఊ." ఒక్కో వేలూ మడతపడుతుంటే నా పక్కటెముకలు ఒక్కొక్కటే బిగుసుకుంటున్నాయి. వచ్చేస్తోంది. ఈయన నోట్లోంచే వస్తుంది, పోలీసాయన నోట్లోంచి వచ్చినట్టే, ఏమీ తెలియకుండా, నవ్వుతూ. "మమ్మూ, కాదు, మ... మ..." నేను అద్దంలోకి చూశాను. చిన్న దీపం వెలుగు అమ్మ గడ్డం మీద, పెదవుల మీద పడుతోంది, కళ్ళు చీకట్లో ఉన్నాయి. అమ్మ పెదవులు కదులుతున్నాయి. చప్పుడు లేకుండా, తెర మీద ఆవిడతో పాటే, మూసి, కొంచెం విడి, గట్టిగా మూసి. నాకు నోరు చదవడం నేర్పింది అమ్మ. నేను ఏం అనుకుని దాచాను. ఎవరి దగ్గర దాచాను. ఆ మధ్యాహ్నం గిన్నెల చప్పుడు ఆగింది. ఆగింది, నాకు అనిపించడం కాదు, అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నా భుజం మీదుగా చూసింది. చూసే అడిగింది, ఆ తల్లికి ఎవర్ని అనుకున్నారు అని.

"ఆగరా" అంది అమ్మ. "వేళ్ళు విరిచేసుకోకు. నాకు తెలుసు. మొదటి నుంచి పెట్టు."

"ఏం మాటక్కా?"

"పెట్టు, వింటావుగా."

ఎర్ర దీపం. ఆపమని బటను నొక్కడానికి నా వేలు వెళ్ళింది, బటను మీదే ఉండిపోయింది. తెర మీద తెల్లవారింది. ఆవిడ వచ్చింది. కర్టెను లాగింది. ఒక్క క్షణం మర్చిపోయింది. అమ్మ కాగితం వైపు చూడలేదు. స్టూలు దిగి నిలబడింది, ఒక చెయ్యి పక్కకి చాపింది, గాలిలో, తలుపుచెక్క మీద ఆనించినట్టు.

"మబ్బూ."

ఏడుపు లేదు. మింగుడు లేదు, పెళుసు లేదు. మామూలుగా. కూర ఉప్పు చూడమన్నంత మామూలుగా. మ దగ్గర గొంతు కదిలింది, బ్బ దగ్గర పెదవులు పట్టుకున్నాయి, ఊ దగ్గర వదిలాయి, ఆవిడ నోరూ అమ్మ నోరూ మధ్య వెంట్రుక దూరదు. కాసేపాగి, "లే." అంతే. తర్వాత రీలు నడుస్తూనే ఉంది, మంచం, మడతపెట్టిన దుప్పటి, దాని మీద పడుతున్న ఎండ, మాటల్లేని కొంతసేపు. ఆ కొంతసేపూ నా ఒళ్ళంతా చెవై విన్నది. అలవాటు. ఎన్ని వేల పొద్దులు విన్నాను, ఈ పిలుపు తర్వాత ఒక జవాబు వస్తుంది, దుప్పటి లోపల నుంచి వస్తుంది, వచ్చితీరాలి. స్పీకరులో గది గాలి మాత్రం సన్నగా ఊదుతోంది. రాలేదు. ఇదన్నమాట నేను భయపడింది. పిలుపు కాదు. పిలిచాక వచ్చే ఇది. ఇన్నాళ్ళూ ఎవరం పిలవలేదు కాబట్టి, పలకలేదని తెలియలేదు.

"అబ్బ" అన్నాడు మామయ్య మెల్లిగా. "అతికినట్టు పడింది. ఎక్కడ పట్టావక్కా ఈ మాట? ఓకే. ఇంక ముట్టుకోను దీన్ని." నా వైపు తిరిగి ఏదో అనబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. హెడ్‌ఫోను మెడ మీదకి దించుకున్నాడు. ఆయనకి ఏం అర్థమైందో నాకు తెలియదు, చాక్లెట్ల డబ్బా ఊరికే నా వైపు జరిపాడు.

అమ్మ చెయ్యి దించలేదు. నా వేలి కింద బటను ఉంది, అది నొక్కితే అమ్మ చెవిలో చిన్న టిక్కు వినిపిస్తుంది. నొక్కాను. అమ్మ తల ఎత్తింది. "ఏంటే" అంది. నాకు ఏం అడగాలో తెలియలేదు, అడగడానికి నాకు హక్కుందో లేదో తెలియలేదు, ఆ ప్రశ్న నాది కాదు, వాడిది, తలుపు తట్టేది వాడు.

"నిజమా, పనా?"

ఎప్పుడూ ప్రశ్న పూర్తికాకుండానే జవాబు వచ్చేది. ఈసారి అమ్మ నీళ్ళసీసా తీసి ఒక గుక్క తాగింది. మూత పెట్టింది. మూత సరిగ్గా బిగిసిందో లేదో చూసుకుంది.

"పనే" అంది. "ఇంకోసారి పెట్టమను మామయ్యని."

మామయ్య బటను దగ్గరకి వంగాడు. "ఓకే అయిపోయిందక్కా. ఇంతకన్నా బాగా రాదు."

"బాగా రావడానికి కాదురా" అంది అమ్మ. "ఇంకోసారి పిలుస్తాను."

మామయ్య నా వైపు చూశాడు. నేను తల ఊపానో లేదో, ఆయన వెనక్కి తిప్పాడు. ఎండ దుప్పటి మీద నుంచి వెనక్కి పోయింది, కర్టెను మూసుకుంది, ఆవిడ నడుచుకుంటూ వెనక్కి వెళ్ళి గుమ్మం దగ్గర ఆగింది. ఎర్ర దీపం వెలిగింది. అద్దం అవతల అమ్మ చెయ్యి తలుపు లేనిచోట తలుపు మీద ఉంది. ఆవిడ మంచం వైపు తిరిగింది, పెదవులు మూసుకుని ఉన్నాయి. అమ్మ పెదవులు మూసుకుని ఉన్నాయి. నావి కూడా మూసుకునే ఉన్నాయి, గొంతు కదులుతోంది.